అమ్మకి మతిమరుపు మందు డొనెపెజిల్‌తో పాటు యూరిన్ మందు, నిద్ర మాత్ర కూడా ఇస్తున్నాం, నెలన్నరలో బాగా మారిపోయింది. జబ్బు ముదిరిందా, మందులు ఒకదానికొకటి పడట్లేదా?

పెద్దకూతురు:

అందరికీ నమస్తే. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి ప్లీజ్. అమ్మకి 78 ఏళ్లు, అల్జైమర్స్ అని తేలి రెండేళ్లయింది. మొదట్నుంచీ డొనెపెజిల్ 5 రాత్రి పడుకునే ముందు ఇచ్చేవాళ్లం, నాలుగు నెలల కింద దాన్ని 10 చేశారు. బీపీకి మెటోప్రొలాల్, టెల్మిసార్టాన్ ఉన్నాయి, షుగర్‌కి గ్లిమెపిరైడ్ మెట్‌ఫార్మిన్ కలిసున్న మాత్ర, ఆస్పిరిన్ 75. ఇవన్నీ ఏళ్లుగా వాడుతున్నవే, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

10 చేసిన కొన్ని వారాలకి బాత్రూమ్ దాకా వెళ్లేలోపే బట్టల్లో మూత్రం పడిపోవడం మొదలైంది, పాపం అమ్మ సిగ్గుతో ఆ బట్టలు మంచం కింద దాచిపెట్టేది. యూరాలజిస్ట్‌కి చూపిస్తే ఆక్సిబ్యుటినిన్ రాశారు, రోజుకి రెండుసార్లు. మతిమరుపు ఉందని చెప్పాం గానీ మిగతా మందుల చీటీలు పట్టుకెళ్లలేదు. ఆ తర్వాత రాత్రిళ్లు కలలొచ్చి కేకలేస్తూ లేవడం, ఎవరో ఇంట్లోకి వచ్చారని తలుపులు తియ్యడం, మేం ఎవరికీ నిద్ర లేదు, ఇంకో డాక్టర్ క్లోనజెపామ్ 0.5 ఇచ్చారు. పది రోజుల కింద జలుబు చేస్తే ఇంట్లో ఉన్న సిరప్ పోశాం. మొన్న తెల్లారుజామున బాత్రూమ్ గుమ్మం దగ్గర పడిపోయింది. తల తగల్లేదు, తుంటి దగ్గర కమిలింది, ఎముక విరగలేదని ఎక్స్‌రేలో చూశారు, నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తున్నాం.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, నెలన్నర కింద నా పేరు పెట్టి పిలిచిన మనిషి ఇప్పుడు నన్ను చూసి ‘మీ అమ్మ ఎక్కడమ్మా’ అంటోంది. మధ్యాహ్నం దాకా మగత. నోరు ఎండిపోతోంది, మూడు నాలుగు రోజులకోసారి గానీ విరేచనం అవ్వట్లేదు, తిండి సగానికి పడిపోయింది. అడిగితే జబ్బు ముదురుతోంది, ఇలాగే ఉంటుంది అన్నారు. కానీ ఇంత తొందరగానా? తమ్ముడేమో అక్కా ఈ మందులన్నీ ఆపేద్దాం అంటున్నాడు. నాకు భయంగా ఉంది, ఆపితే ఏమవుతుందో, ఆపకపోతే ఏమవుతుందో. ఎవరికైనా ఇలా జరిగిందా?

నాన్నతోనేను:

అక్కా, ముందు ఒక్కటి చెప్తా. అల్జైమర్స్ మామూలుగా నెలలు, ఏళ్ల మీద మెల్లగా దిగుతుంది. రోజుల్లో వారాల్లో మనిషి మారిపోతే వెనకాల ఇంకేదో ఉందని అనుమానించాలి, యూరిన్ ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం, సోడియం పడిపోవడం, షుగర్ డౌన్ అవ్వడం, లేదా కొత్తగా మొదలెట్టిన మందు. దీన్ని డెలీరియం అంటారు, కారణం పట్టుకుంటే చాలావరకు తిరిగొస్తారు. మా నాన్నకి ఇలాగే అయితే నేను కూడా మూడు వారాలు ఇంతే ఇంక అనుకుని కూర్చున్నా, ఆ మూడు వారాల గురించి ఇప్పటికీ బాధే నాకు.

నాన్నది గుండె వేగం తగ్గిపోవడం. డొనెపెజిల్ గుండె కొట్టుకునే వేగాన్ని తగ్గిస్తుంది, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు కూడా తగ్గిస్తాయి, రెండూ కలిస్తే కొంతమందిలో పల్స్ మరీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. ‘కాలు జారింది’ అనుకున్నాం మేము, తీరా చూస్తే జారలేదు, ఒక్క క్షణం స్పృహ పోయింది. మీ అమ్మగారికి ఏళ్లుగా మెటోప్రొలాల్ ఉన్నా ఇబ్బంది రాలేదన్నారు కదా, నిజమే, కానీ డొనెపెజిల్ డబుల్ అయింది నాలుగు నెలల కిందే కదా. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే అందులోనే పల్స్ కూడా వస్తుంది, ఇప్పుడే చూడండి.

ఇంకోటి, కంట్లో చుక్కలేమైనా వేస్తున్నారా? మీ లిస్టులో లేవు, అయినా అడుగుతున్నా.

మందులలెక్క:

నేను ఫార్మసిస్ట్‌ని. మీ అమ్మగారిని చూడకుండా ఇదే కారణం అని చెప్పలేను, చెప్పకూడదు కూడా, కానీ మీరు రాసిన వరస చదువుతుంటే నాకు కనిపిస్తున్నది చెప్తా, డాక్టర్ దగ్గర ఇదే వరసలో చెప్పండి.

జ్ఞాపకానికి పనికొచ్చే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం అల్జైమర్స్‌లో తగ్గిపోతుంది. ఉన్న కాస్తా విరిగిపోకుండా డొనెపెజిల్ కాపాడుతుంది. మంచిదే. కానీ అదే రసాయనం మూత్రాశయాన్ని కూడా బిగిస్తుంది, అందుకే డోసు పెంచాక కొంతమందికి అర్జెంటుగా మూత్రం రావడం, ఆపుకోలేకపోవడం మొదలవుతుంది. అది కొత్త జబ్బులా కనిపిస్తుంది. దానికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్ ఏం చేస్తుందంటే అసిటైల్‌కోలిన్ పనిచేసే చోటే అడ్డం కూర్చుంటుంది, మూత్రాశయంలోనే కాదు, మెదడులోకి కూడా వెళ్తుంది. అంటే ఒకరు దీపంలో నూనె పోస్తుంటే ఇంకొకరు వత్తి లాగేస్తున్నట్టు. రెండు మందులూ ఒకే మనిషికి, ఒకే పూట. నోరెండడం, మలబద్ధకం, మగత, అయోమయం, లేనివాళ్లు ఉన్నట్టు అనిపించడం, ఇవన్నీ ఆక్సిబ్యుటినిన్ లాంటి మందుల దగ్గర మేం రోజూ వినే మాటలే. మందు తెచ్చిన ఇబ్బందిని జబ్బనుకుని దానికి ఇంకో మందు, ఆ మందు ఇబ్బందికి మరో మందు, ఇలా గొలుసుగా పెరిగిపోవడం కొత్తేం కాదు. సరిగ్గా ఈ జోడీ మీదే కెనడాలోని ఒంటారియోలో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది, డొనెపెజిల్ లాంటి మందులు వాడేవాళ్లకి ఆ తర్వాత మూత్రం మందు రాయడం మిగతావాళ్లలో కంటే ఎక్కువగా కనిపించింది.

ఆ జలుబు సిరప్ సీసా తీసి వెనక చదవండి. క్లోర్‌ఫెనిరమైన్ గానీ డైఫెన్‌హైడ్రమైన్ గానీ ఉంటే అదీ ఇదే కోవ, ఆక్సిబ్యుటినిన్ మీద ఇంకో పొర. దురదకిచ్చే హైడ్రాక్సిజిన్, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్ కూడా ఇంతే. వయసు మళ్లినవాళ్లకి ఏ మందులు జాగ్రత్తగా వాడాలో చెప్పే బీర్స్ క్రైటీరియా అని ఒకటుంది, మొదట 1991లో వచ్చింది, అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ వాళ్లు 2023లో మళ్లీ సవరించారు, డిమెన్షియా, అంటే అల్జైమర్స్ లాంటి మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్లకి ఈ కోవ మందులూ, క్లోనజెపామ్ కోవ మందులూ వీలైనంత వరకు వద్దనే అందులో ఉంది. వద్దు అంటే ఎప్పటికీ ఇవ్వకూడదని కాదు, ఇచ్చేవాళ్లకి మిగతా లిస్టు తెలిసుండాలి.

రాత్రి కలలు. డొనెపెజిల్ పడుకునే ముందు వేస్తే కొందరికి కలలు విపరీతంగా వస్తాయి. మాత్ర పొద్దుటికి మారిస్తే తగ్గేవాళ్లు చాలామంది ఉన్నారు, నిద్ర మాత్ర దాకా వెళ్లక్కర్లేకుండానే. ఈ మందు సగం తగ్గడానికే దాదాపు 70 గంటలు పడుతుంది కాబట్టి రాత్రి నుంచి పొద్దుటికి మార్చడం పెద్ద విషయం కాదు, అయినా అడిగి మార్చండి.

తమ్ముడితో ఒక్క మాట చెప్పండి: క్లోనజెపామ్ ఒక్కసారిగా ఆపకూడదు. రోజూ వారాల తరబడి వేస్తున్నది టక్కున ఆపితే అలజడి, నిద్ర పూర్తిగా పోవడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. మెటోప్రొలాల్ కూడా అంతే, ఒక్కసారి ఆపితే గుండె ఎదురుతిరుగుతుంది. ఏది ఆపాలో, ఏది తగ్గించాలో, ఏది ముందో, అది డాక్టరే చెప్పాలి.

ఇంకా రెండు విషయాలు నన్ను కలవరపెడుతున్నాయి. తిండి సగమైంది అన్నారు, గ్లిమెపిరైడ్ మాత్రం పూర్తి డోసు వెళ్తోంది. తినకపోయినా ఈ మందు షుగర్ దించుతూనే ఉంటుంది. మామూలుగా షుగర్ పడిపోతే గుండె దడ, చేతుల వణుకు వస్తాయి, మెటోప్రొలాల్ ఆ రెండిటినీ కప్పేస్తుంది, చెమట ఒక్కటే మిగులుతుంది. మతిమరుపున్న మనిషి నాకు ఎలాగో ఉందని చెప్పలేరు. తెల్లారుజామున పడిపోయారు కదా, ఆ టైమ్‌లో షుగర్ ఎంతుందో ఎవరైనా చూశారా? రెండోది డైక్లోఫెనాక్. ఆస్పిరిన్‌తో కలిపితే కడుపులో పుండు, రక్తస్రావం రిస్క్ పెరుగుతుంది, డొనెపెజిల్ కూడా కడుపులో యాసిడ్ పెంచేదే, పైగా టెల్మిసార్టాన్ వాడేవాళ్లు నీళ్లు తక్కువ తాగుతూ ఈ నొప్పి మాత్రలు వేసుకుంటే కిడ్నీ మీద పడుతుంది. పారాసిటమాల్‌తో సరిపెట్టొచ్చా అని ఈరోజే ఫోన్ చేసి అడగండి. మలం నల్లగా తారులా వస్తే ఆగొద్దు, హాస్పిటల్‌కే.

పెద్దకూతురు:

చదువుతుంటే చేతులు వణికాయి. ఇప్పుడే చూశా, పల్స్ 47. మళ్లీ పది నిమిషాలాగి చూస్తే 46. బీపీ 108/60. షుగర్ 84 ఉంది. సిరప్‌లో క్లోర్‌ఫెనిరమైన్ ఉంది. రేపు పొద్దున అపాయింట్‌మెంట్ తీసుకోనా? మధ్యాహ్నం నుంచి లేపితే గానీ కళ్లు తెరవట్లేదు.

మందులలెక్క:

రేపు వద్దమ్మా. మొన్ననే పడిపోయారు, పల్స్ 46, లేపితే గానీ లేవట్లేదు, ఆస్పిరిన్ మీద ఉన్నారు. ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. తల తగల్లేదని మీరు అనుకుంటున్నారు, ఎవరూ చూడలేదు కదా. ఈసీజీ తియ్యమనండి, పడిపోయిన సంగతి మొదటి మాటగా చెప్పండి. మందులన్నీ, సీసాలు, స్ట్రిప్పులు, ఆయింట్‌మెంట్లు, చుక్కలతో సహా ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి, లిస్టు రాస్తే ఏదో ఒకటి మర్చిపోతాం, సంచి మర్చిపోదు. రాత్రి మాత్రలు వాళ్లు చెప్పేదాకా ఇవ్వొద్దు.

మూడోగది:

నా అనుభవం వేరే కోవది, కానీ ఎమర్జెన్సీలో మీకు పనికొస్తుందని రాస్తున్నా. హాస్పిటల్‌లో కొత్త చోటు, కొత్త మొహాలు చూసి వీళ్లు ఇంకా గాభరా పడతారు, చేతికున్న సూదులు లాగేస్తారు, అప్పుడు శాంతపరచడానికి ఇంజెక్షన్ ఇస్తామంటారు. మా నాన్నకి హాలోపెరిడాల్ ఇచ్చారు. రెండు రోజుల్లో కట్టెలా బిగుసుకుపోయారు, మింగలేకపోయారు. ఆయనది లూయీ బాడీ డిమెన్షియా అని తర్వాత తేలింది, ఆ రకం వాళ్లకి ఇలాంటి మందులు అస్సలు పడవు. మీ అమ్మగారిది అల్జైమర్సే అయినా, వీటి మీద అమెరికా ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందులకి, 2008లో హాలోపెరిడాల్ లాంటి పాతవాటికి కూడా గట్టి హెచ్చరిక పెట్టించింది, డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణాల రిస్క్ పెరుగుతోందని. తప్పనిసరైతే ఇస్తారు, ఇవ్వాల్సిన పరిస్థితులూ ఉంటాయి, కాకపోతే ఎందుకిస్తున్నారు, ఎన్ని రోజులు, అని అడగండి. ఈ కోవలో చాలావాటితో, డొనెపెజిల్‌తో కూడా ఈసీజీలో గుండె లయకి సంబంధించిన క్యూటీ అనే లెక్క పెరగొచ్చు, పల్స్ తక్కువున్నప్పుడు అది ఇంకా ప్రమాదం, కాబట్టి డొనెపెజిల్ మీద ఉన్నారని తప్పకుండా గుర్తుచెయ్యండి.

ఇంట్లో వాళ్లు ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే, కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే పెడితే, గదిలో లైటుంటే, సగం ఇంజెక్షన్లు అవసరం పడవు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

పెద్దకూతురు:

అందరికీ, మూడు వారాల తర్వాత రాస్తున్నా. ఆ రాత్రే తీసుకెళ్లాం. ఈసీజీలో గుండె వేగం 44. తలకి స్కాన్ తీశారు, రక్తం కారడం ఏమీ లేదు. సోడియం కాస్త తక్కువుంది, కిడ్నీ టెస్టులో క్రియాటినిన్ పెరిగింది, నీళ్లు తాగక, ఆ నొప్పి మాత్ర వల్ల అన్నారు. నాలుగు రోజులు ఉంచారు. నేను సంచి మొత్తం టేబుల్ మీద కుమ్మరించా, ఆ డాక్టరమ్మ ఒక్కొక్కటీ తీసి ఇది ఎవరు రాశారు, ఎప్పటి నుంచి, దేనికి అని అడుగుతుంటే నాకే తెలిసింది, నలుగురు డాక్టర్లు, ఒక్కరికీ మిగతా ముగ్గురు ఏం రాశారో తెలీదు. తెలియాల్సింది నాకే, నేనే చెప్పాల్సింది.

@నాన్నతోనేను, మీరు కంటి చుక్కలు అడిగారు, నేను జవాబు కూడా ఇవ్వలేదు. సంచిలోంచి అవి బైటపడ్డాయి. గ్లకోమాకి టిమోలాల్ చుక్కలు, ఆరేళ్లుగా రెండు కళ్లలో, రెండు పూటలా. చుక్కలు కూడా మందేనని నా బుర్రకి తట్టనే లేదు. అదీ బీటా బ్లాకరేనట, కంట్లోంచి ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుందట. అంటే గుండెని నెమ్మదింపజేసేవి మూడు, ఒకటి రోజూ నా చేత్తో నేనే వేస్తున్నా.

ఆక్సిబ్యుటినిన్ ఆపేశారు. సిరప్ పారేశాం. డొనెపెజిల్ కొన్ని రోజులు ఆపి, పల్స్ 60 దాటాక మళ్లీ 5 మొదలెట్టారు, పొద్దున పూట. మెటోప్రొలాల్ సగం చేసి మెల్లగా తీసేస్తున్నారు. టిమోలాల్ బదులు కంటి డాక్టర్ లాటనోప్రోస్ట్ ఇచ్చారు, అది బీటా బ్లాకర్ కాదు. గ్లిమెపిరైడ్ తీసేసి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచారు, కిడ్నీ టెస్టు మళ్లీ మామూలుకి వచ్చాకే. క్లోనజెపామ్ రెండు వారాలకి పావు వంతు చొప్పున తగ్గిస్తున్నాం.

అమ్మ పూర్తిగా పాతలా అవ్వలేదు. కానీ ఐదో రోజు నేను గదిలోకి వెళ్తే నా పేరు పెట్టి పిలిచి ‘ఇంకా నిద్రపోలేదా’ అంది. పొద్దున మగత తగ్గింది, భోజనం తనే తింటోంది. మూత్రానికి ఇప్పుడు రెండు గంటలకోసారి మేమే లేపి తీసుకెళ్తున్నాం, రోజుకి ఒకసారి తప్ప బట్టలు తడవట్లేదు. ఇంకా మందు కావాలంటే మిరాబెగ్రాన్ అనేది ఉంది, అది వేరే రకంగా పనిచేస్తుంది, మెదడు మీద ఆక్సిబ్యుటినిన్‌లా పడదు, బీపీ చూసుకుంటూ ఆలోచిద్దాం అన్నారు.

ఒక డౌట్ మిగిలింది. అమ్మ మాత్ర మింగనని మొండికేసిన రోజు నలిపి కలిపి ఇస్తున్నాం, పర్లేదా? ఒంటికి అంటించే ప్యాచ్ రకం మందు కూడా ఉందంటున్నారు.

మందులలెక్క:

చాలా సంతోషమమ్మా. టిమోలాల్ సంగతి మేమందరం కూడా గుర్తుంచుకుంటాం.

నలపడం మందుని బట్టి. పేరు చివర ఎక్స్ఎల్, ఎస్ఆర్, ఈఆర్ లాంటివి ఉంటే నలపకూడదు, 24 గంటల్లో మెల్లగా దిగాల్సింది ఒక్కసారే ఒంట్లోకి వెళ్లిపోతుంది. మీరు తగ్గిస్తున్న మెటోప్రొలాల్ ఆ రకమేమో స్ట్రిప్ చూడండి. కడుపు యాసిడ్ తగలకుండా పైపూత వేసిన మాత్రలూ నలపొద్దు. డొనెపెజిల్‌లో నాలుక మీద కరిగే రకం కూడా ఉంది, అడగండి.

ప్యాచ్ అంటే రివాస్టిగ్మిన్. మాత్రతో పోలిస్తే కడుపులో వికారం తక్కువ. కానీ గుండె విషయంలో ఇదీ డొనెపెజిల్ కుటుంబమే, రెండూ కలిపి వాడరు. కొత్తది అంటించే ముందు పాతది తీసెయ్యాలి, అది ముఖ్యం. తియ్యడం మర్చిపోయి రెండు మూడు ఒంటి మీద ఉండిపోయి వాంతులతో హాస్పిటల్ పాలైనవాళ్లు ఉన్నారు. అంటించిన చోటే 14 రోజుల దాకా మళ్లీ అంటించకూడదు. మూడు రోజులకంటే ఎక్కువ గ్యాప్ వస్తే పాత డోసుతో మళ్లీ మొదలెట్టకుండా డాక్టర్‌ని అడగాలి, చిన్న డోసు నుంచి రావాల్సి ఉంటుంది.

నాన్నతోనేను:

అక్కా, పేరు పెట్టి పిలిచింది అన్న చోట ఆగిపోయా నేను. మాత్రల డబ్బా మాత్రం తాళం వేసి పెట్టండి, మా నాన్న పొద్దున వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్లీ వేసుకునేవారు, అమ్మ ఇచ్చిందో లేదో తెలీక ఇంకోసారి ఇచ్చేది. ఇచ్చిన వెంటనే ఇచ్చినవాళ్లే టైమ్‌తో కాగితం మీద టిక్ పెట్టాలని రూల్ పెట్టుకున్నాం. కొత్త చుక్కలు వేశాక ముక్కు పక్కన కంటి మూల ఒక రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోండి, ఒంట్లోకి తక్కువ దిగుతుంది.

పెద్దకూతురు:

మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ అని ఉంది స్ట్రిప్ మీద. నాలుగు రోజులుగా నలిపి ఇస్తున్నాం. ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేస్తున్నా. పల్స్ చూశా, 58 ఉంది, అమ్మ కూర్చుని కిటికీలోంచి చూస్తోంది.